పట్నం వారానికి పోతానన్న సింధుకు

చిక్కడపల్లి,
హైదరాబాద్

చి. సింధుకు మీ అత్తమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని కాగితం, పెన్ను తీసుకొని కూర్చున్నాను. డప్పు నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదైందనీ, ఇప్పుడు పాటను దాని ఊళ్లోనే వినాలనిపిస్తోందనీ రాశావు. సంక్రాంతి కాగానే పట్నం వారానికి కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతానన్నావు, ఆ తర్వాత నాగోబా జాతరకు కేస్లాపూర్ కూడా అన్నావు. "ఒక్క రాత్రి పాట కోసం 300 కిలోమీటర్లు పోవడం పిచ్చేమో అత్తమ్మా" అని చివర్లో అడిగావు. పిచ్చి కాదు బిడ్డా. బడిలో పాఠాలు చెప్పిన 32 ఏళ్లూ నా శని, ఆదివారాలు సగం బస్సుల్లోనే గడిచాయి. వాటిలో ఒక్కటి కూడా వృథా అయిందని నాకు ఈ రోజుకీ అనిపించదు.

ఎంత దూరం పోవచ్చని అడిగావు కదా, ముందు పాట మోసేవాళ్లు ఎంత దూరం నడుస్తారో చెప్తాను. కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా జాతర పుష్య అమావాస్యకు మొదలవుతుంది. అంతకు ముందే గోండుల్లో మెస్రం వంశం వాళ్లు నీళ్లు తెచ్చే ఝరి పట్టుకొని, కాళ్లకు చెప్పులు లేకుండా, జన్నారం వైపు గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగు దాకా నడిచిపోతారు. అక్కడి నీళ్లు తెచ్చి అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకం చేస్తారు. పోను, రాను రోజుల తరబడి నడకే. గోండుల వంశకథలు పాడే పర్ధాన్లు కమానుతో వాయించే కీక్రీ పట్టుకొని తరతరాలుగా ఊరూరా తిరిగారు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గారు 1940లలో మార్లవాయిలో కాపురం పెట్టి గోండుల జీవితం గురించి రాశారు. ఆయన భార్య సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. ఇన్ని నడకల పక్కన పెట్టి చూస్తే నువ్వు జేబీఎస్ బస్టాండులో ఎక్కే బస్సు ఎంత?

మన వైపు కూడా అంతే. పద్మశాలీల దగ్గర మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, గౌడుల కథ చెప్పే గౌడ జెట్టీలు, ముదిరాజుల కథ చెప్పే కాకిపడగల వాళ్లు, మాదిగల జాంబపురాణాన్ని తీగల వాయిద్యం కిన్నెర మీద పాడే డక్కలి వాళ్లు, వీళ్లందరికీ పంచుకున్న ఊళ్లు ఉన్నాయి. ఆ ఊరు మా తాత వాటా, ఈ ఊరు మా మేనమామ వాటా అంటారు. కథ బొమ్మల పటం చుట్టుకొని, గిన్నెలు మూటకట్టుకొని, పిల్లలతో సహా ఊరి చివర దిగి, నాలుగైదు రాత్రులు కథ చెప్పి, తమకు రావాల్సింది తీసుకొని ఇంకో ఊరికి కదిలేవాళ్లు. పాట వినడానికి జనం దూరాలు పోవడం తర్వాతి సంగతి. అసలు పాటే జనం దగ్గరికి నడిచి వచ్చేది. ఇప్పుడు ఆ రాక తగ్గింది కాబట్టి మనం పోవాలి. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కొమురవెల్లి సంగతి. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం పట్నం వారం, హైదరాబాద్ వాళ్లది. రెండోది లష్కర్ వారం, సికింద్రాబాద్ వాళ్లది. మన నగరానికి ఆ మల్లన్న జాతరలో సొంతంగా వారాలే ఉన్నాయంటే ఇక్కడి నుంచి ఎన్ని తరాలు, ఎంతమంది పోయి ఉంటారో ఆలోచించు. బండ్లు కట్టుకొని పోయిన కాలం గురించి మా అమ్మ చెప్పేది. జనం ఎట్లా కదులుతారో చూడాలంటే పట్నం వారం చూడాల్సిందే. కానీ నువ్వు పోయేది వినడానికి. వినడానికైతే పట్నం వారం వద్దు. ఆ రోజు ఇసుక వేస్తే రాలదు, మైకుల మీద మైకులు, ఎవరి కథా పూర్తిగా చెవిన పడదు. జాతర ఉగాది దాకా నడుస్తుంది. మాఘం చివర్లోనో ఫాల్గుణంలోనో ఏదో ఒక ఆదివారం చూసుకో. శనివారం మధ్యాహ్నమే బయల్దేరు. జేబీఎస్ నుంచి సిద్దిపేట వైపు బస్సులకు కొదవ లేదు, 90 కిలోమీటర్లలోపే. పొద్దు ఉండగానే చేరితే గంగరేగు చెట్టు దగ్గర పట్నాలు వేయడం చూడొచ్చు. మల్లన్న కథలు పాడే ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, రంగుల పొళ్లు వేళ్ల సందుల్లోంచి జార్చి నేల మీద పట్నం వేస్తుంటే పక్కనే డోలు మోగుతుంది, పాట నడుస్తుంది. ఆ ముగ్గుకీ ఆ పాటకీ ఉన్న సంబంధం ఏ వేదిక మీదా కనబడదు.

చేర్యాల కూడా ఆ దగ్గరే. ఒక పూట ముందు పోగలిగితే నకాషీ చిత్రకారుల ఇంటికి పోయి పటాలు చూడు. కథకులు చేతికర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడే పటాలు అవే. గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు ఇప్పుడు ఎక్కువ అమ్ముతారు. నువ్వు మాత్రం మూరల కొద్దీ పొడుగు ఉండే కథాపటం చూపించమని అడుగు.

ఒగ్గుకథ విషయంలో నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: తెల్లారేదాకా కూర్చో. ప్రధాన కథకుడు మొదలుపెట్టాక చాలాసేపు దేవతల స్తుతే నడుస్తుంది. కొత్తవాళ్లు అక్కడే విసుగొచ్చి లేచిపోతారు. రాత్రి పదకొండు దాటాక కథ ఊపందుకుంటుంది. అప్పటిదాకా పక్కన తాళం వేసిన వంత పాటగాడు ఉన్నట్టుండి మల్లన్న భార్య గొల్ల కేతమ్మ అయిపోతాడు, భుజం మీది కండువా కొంగవుతుంది. కథకుడు నవ్విస్తాడు, నిమిషంలో ఏడిపిస్తాడు, మధ్యలో ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన్ని పేరు పెట్టి లేపుతాడు. మూడు గంటలకు చలి ఎముకల్లోకి దిగుతుంది. సరిగ్గా ఆ వేళకు డోళ్లు ఒక్కసారి లేస్తాయి. నాకు మొదటిసారి ఒళ్లు జలదరించింది ఆ వేళకే. అప్పటికి నాకు 26 ఏళ్లు.

ఏళ్ల కింద నగరంలో ఒక సభకు ఒగ్గు బృందాన్ని పిలిచారు. నేను వెనక వరసలో ఉన్నాను. తొమ్మిది మంది మనుషులు, డోళ్లు మోసుకొని తెల్లవారుజామున బయల్దేరి వచ్చారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి పది నిమిషాలు ఇచ్చారు. ఆ పెద్దాయన మైకు దగ్గరికి వచ్చి, "మల్లన్న పుట్టుక చెప్పమంటారా, పెండ్లి చెప్పమంటారా? పది నిమిషాల్లో మా స్వామి నిద్ర కూడా లేవడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. మేడమెట్ల దగ్గర వాళ్లకు అన్నం కూడా మిగలలేదు. నాకు ఇప్పటికీ ఆ సాయంత్రం గుర్తొస్తే మనసు బాధపడుతుంది. అందుకే అంటున్నాను, వాళ్లను మన గడియారం దగ్గరికి పిలిచేకంటే వాళ్ల రాత్రి దగ్గరికి మనం పోవడం న్యాయం.

ఆడపిల్లవు, ఒంటరిగా జాతరకా అని మీ నాన్న టెన్షన్ పడుతున్నాడని తెలుసు. మొదటిసారి తోడు తీసుకొని పో, ఇందులో మొహమాటం వద్దు. పోయాక కుటుంబాలతో వచ్చినవాళ్ల దగ్గర చేరు. ఆరుబయట మూడు రాళ్ల పొయ్యి పెట్టి కొత్త కుండలో బోనం వండుకునేవాళ్లు ఎంతోమంది ఉంటారు. అందులో ఒక ముసలమ్మను చూసుకొని, "అమ్మా, మీ పక్కన చాప వేసుకోవచ్చా" అని అడుగు. ఈ మాటకు నాకు ఎవరూ కాదనలేదు. వట్టి చేతులతో మాత్రం పోకు. చక్కెర, చాయపత్తి, కిలో ఉల్లిగడ్డ సంచిలో ఉండాలి. ఆ ముసలమ్మే నీకు రాత్రంతా కాపలా, ఏ కథ ఎవరు బాగా చెప్తారో చెప్పేదీ ఆమెనే. చీకటి పడకముందే స్నానాలకు, బాత్రూముకు ఎటు పోవాలో చూసుకో. టార్చిలైట్, దుప్పటి, నీళ్ల సీసా మరచిపోవద్దు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకో, జనం పెరిగాక నెట్‌వర్క్ పనిచేయదు.

చిల్లర ఇంకొక దానికి కూడా కావాలి. కథ మధ్యలో జనం కట్నాలు చదివిస్తారు. ఎవరు ఎంత ఇచ్చారో కథకుడు పేరు చెప్పి దీవిస్తాడు. నువ్వూ ఇవ్వు. సినిమా టికెట్‌కు, పాప్‌కార్న్‌కు ఎంత ఖర్చు పెడతావో లెక్క వేసుకో, ఒక రాత్రంతా గొంతు చించుకున్న మనిషికి అంతకంటే తక్కువ ఇవ్వకు. రికార్డు చేసుకోవాలంటే ముందు అడుగు. సరేనంటే చెయ్యి, పూజ నడిచేటప్పుడు ఫోన్ లోపల పెట్టు. ఇంటికి వచ్చాక ఆ రికార్డును వాళ్లకు పంపించు. వాళ్ల ఇంట్లో పిల్లల ఫోన్ నంబర్ తీసుకుంటే చాలు. మా రోజుల్లో టేప్‌రికార్డర్లు పట్టుకొని వచ్చి పాటలు తీసుకుపోయి మళ్లీ ముఖం చూపించని వాళ్లు చాలామంది. "మా పాట ఎక్కడికి పోయిందో మాకే తెల్వదు" అని నాతో అన్నవాళ్లున్నారు. నువ్వు అట్లా చేయవని నాకు నమ్మకం, అయినా చెప్తున్నాను.

నీ డప్పు తీసుకుపోవచ్చా అని అడిగావు. తీసుకుపో, కానీ సంచిలోనే ఉండనివ్వు. జాతరలో ఎవరు ఎక్కడ వాయించాలో, ఎవరి తర్వాత ఎవరు మొదలుపెట్టాలో వాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. నేర్చుకున్నాం కదా అని మధ్యలో దూరితే వాళ్లు పైకి ఏమీ అనరు, లోపల నొచ్చుకుంటారు. "దెబ్బ వెయ్యి చూద్దాం" అని వాళ్లు పిలిచిన రోజు బయటికి తియ్యి. ఇంకో మాట. నువ్వు నగరంలో ఇష్టపడి డబ్బు కట్టి నేర్చుకుంటున్న ఆ డప్పును మాదిగ ఇండ్లలో మనుషులు తరాల పాటు వెట్టిగా వాయించారు. చావుకు పిలిస్తే రాత్రనక పోవాలి, కూలి ఇస్తే ఇచ్చినట్టు. ఆ ఇండ్లలో చదువుకున్న పిల్లలు కొందరు డప్పు ముట్టనంటారు. వాళ్ల మాటా వినాలి. అందరికీ తెలిసిన ఈ సంగతిని నీ క్లాసులో ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు కాబట్టి నేనే చెప్తున్నాను. ఆ పెద్దల దగ్గర కూర్చున్నప్పుడు డప్పును ఎట్లా కాస్తారో చూడు. ఎండుగడ్డి మంట పెట్టి, చేత్తో తిప్పుతూ, తోలు మీద వేలు మీటి చెవి పెట్టి వింటారు. బోనాల రోజుల్లో వాన తేమకు తోలు సడలితే రెండు వీధులకోసారి మంట వెతుక్కోవాలి. డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల పట్టుకోవడం క్లాసులో వస్తుంది. ఆ సెగ లెక్క మాత్రం వాళ్ల పక్కన కూర్చుంటేనే వస్తుంది.

కేస్లాపూర్ ఈ ఏడు వద్దు. ఒక్క నెలలో రెండూ చుట్టేయాలనుకుంటే ఏదీ ఒంటబట్టదు. పైగా అది మెస్రం వంశం ఇంటి పండుగ లాంటిది, అక్కడ మనం చుట్టపుచూపుగా ఒక పక్కన నిలబడాలి. ఉట్నూరు వైపు తెలిసినవాళ్లను పరిచయం చేసుకొని, వచ్చే ఏడు పుష్య మాసంలో నాలుగు రోజులు సెలవు పెట్టుకొని పో.

వచ్చే ఏడు అని రాస్తుంటే నా చెయ్యి ఆగింది. ఎందుకో చెప్తాను. మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య గారని ఉండేవారు. కోయ డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త చదివిన రోజే పోయి వినాలనుకున్నాను. మోకాళ్ల నొప్పి, ఆపైన ఎండలు, ఆపైన ఇంట్లో పెళ్లి. వచ్చే చలికాలం పోదాంలే అనుకున్నాను. 2024లో ఆయన కాలం చేశారు. ఫోన్‌లో ఆయన పాట ఇప్పుడు వింటాను, వింటూ వింటూ మధ్యలో ఆపేస్తాను.

కాబట్టి మనుషుల కోసం పోయే ప్రయాణాలు వాయిదా వేయకు. జాతర మళ్లీ వస్తుంది. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారి 12 మెట్ల కిన్నెర, దామరగిద్ద దాసరి కొండప్ప గారి బుర్రవీణ, ఇట్లాంటివి ఎక్కడైనా వినే అవకాశం వస్తే ఆఫీసుకు సెలవు పెట్టి పో. పేరు రాని వాళ్ల దగ్గరికి అంతకంటే ముందు పో. సొంతూళ్లో మీ నాయనమ్మ చెల్లెలు ఇంకా బతికే ఉంది. నాట్లు వేసేటప్పుడు పాడిన పాటలు ఆమెకు కొల్లలుగా వచ్చు. బతుకమ్మ పాటల్లో మన ఊరి వరస వేరే ఉంటుంది, అది ట్యాంక్‌బండ్ మీద మైకుల్లో వినబడదు. ఆ ఊరు ఇక్కడికి రెండు గంటల దారి. చివరిసారి ఎప్పుడు పోయావు?

శనివారం బయల్దేరే ముందు ఒకసారి మా ఇంటికి రా. నా ఉన్ని శాలువా, పాత టార్చి తీసి పెడతాను. కొమురవెల్లి చలికి నీ జాకెట్లు ఆగవు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ సంగతి నాకు వదిలెయ్యి. ఆదివారం తిరుగు బస్సు ఎక్కగానే ఫోన్ చెయ్యి, రాత్రి ఏ కథ చెప్పారో, ఎంత దాకా వచ్చేసరికి తెల్లారిందో నాకు వివరంగా చెప్పాలి.

మీ అత్తమ్మ