కొత్త ఆల్బమ్ చేతికొస్తే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తెలుగు ఇండీ (కంపెనీల అండ లేని సొంత పాటలు) అని కొడితే యాప్‌లో సినిమా పాటలే వస్తున్నాయి. లేదంటే పాత సినిమా పాటలకే గిటార్ తగిలించిన కవర్లు. సినిమాతో సంబంధం లేని కొత్త ఆల్బమ్‌లు ఎలా దొరుకుతాయి?
– డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: యాప్ మీ మీద పగబట్టలేదు. భాష పేరు కొట్టి వెతికితే ఆ భాషలో ఎక్కువమంది వినేవే పైకి తేలతాయి. తెలుగులో అవి సినిమా పాటలే మరి. అందుకని భాష పేరు వదిలేసి మనుషుల పేర్లతో వెతకండి.

మొదలుపెట్టడానికి మీకు నచ్చిన ఒక్క ఇండీ పాట చాలు. పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరవండి. రాసిందెవరు, బాణీ ఎవరిది, ప్రొడ్యూసర్ ఎవరు అన్నది చాలావరకు అక్కడే ఉంటుంది. డ్రమ్స్, బేస్, మిక్సింగ్ (గొంతు, వాయిద్యాల పాళ్లు కుదర్చడం), మాస్టరింగ్ (పూర్తయిన పాటకు చివరి మెరుగు) ఎవరివో తెలియాలంటే మాత్రం యూట్యూబ్ వీడియో కింది వివరణో, కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో పేజీ అడుగో చూడాలి. ఆ పేర్లన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే యాప్‌లోనూ, డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి జాబితాల్లోనూ వెతకండి. మన ఊళ్లో సొంత పాటలు చేసేవాళ్ల లోకం చిన్నది. ఒకే బేసిస్టు రెండు మూడు బ్యాండ్లలో తేలతాడు. చౌరస్తా బ్యాండ్ నుంచి బయల్దేరారనుకోండి, అందులో పాడిన రామ్ మిర్యాల పేరు మిమ్మల్ని నేరుగా సినిమా పాటల్లోకి లాక్కుపోతుంది. పక్కన వాయించినవాళ్ల పేర్లు వేరే దారులు చూపిస్తాయి. మా లెక్కలో గాయకుడి పేరు కంటే మిక్సింగ్ ఇంజనీర్ పేరే పెద్ద ఆసామి. ఆయన ఏడాదికి ఎన్ని ఆల్బమ్‌లు ముట్టుకుంటే అన్ని తలుపులు తెరుచుకుంటాయి.

అసలు ఇండీయా కాదా అన్న అనుమానం వస్తే ఆల్బమ్ పేజీ కింద సున్నాలో 'పీ' గుర్తున్న వరుస చదవండి. ఆ రికార్డింగు ఎవరి సొత్తో అక్కడ తెలుస్తుంది. సినిమా ఆడియో కంపెనీ పేరుంటే అది ప్రైవేట్ సాంగ్, అంతే. కళాకారుడి పేరో, ఒక అంకె తర్వాత 'రికార్డ్స్ డీకే' అనో ఉంటే సొంతంగా విడుదల చేసుకున్నదన్నమాట. యాప్‌లకు పాటలు చేరవేసే డిస్ట్రోకిడ్ ద్వారా పాట ఎక్కించినవాళ్లు లేబుల్ పేరు ఇవ్వకపోతే పడే ముద్ర అది.

స్పెల్లింగ్‌తోనూ తంటానే. 'దూరం' అనే పాటను ఒకరు రెండు 'ఓ'లతో రాస్తారు, ఒకరు 'యూ'తో, ఇంకొకరు 'డీ' పక్కన 'హెచ్' కూడా ఇరికిస్తారు. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. స్పాటిఫై వెతుకుపెట్టెలో ఇంగ్లీషులో 'ట్యాగ్', కోలన్, 'న్యూ' అని మధ్యలో ఖాళీ లేకుండా కొడితే గత రెండు వారాల ఆల్బమ్‌లు వస్తాయి. 'న్యూ' బదులు 'హిప్‌స్టర్' అంటే జనాదరణలో అట్టడుగున ఉన్నవి. పక్కన ఒక సంగీత శైలి పేరు చేర్చకపోతే ప్రపంచమంతా వచ్చి మీద పడుతుంది. బ్యాండ్‌క్యాంప్‌లో ఊరి పేరుతోనూ వెతకొచ్చు. కాకపోతే సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, చూసుకోండి.

2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త విడుదలలకు శుక్రవారమే ముహూర్తం. మీరు ఫాలో అయ్యేవాళ్ల కొత్త పాటలతో స్పాటిఫై 'రిలీజ్ రాడార్' ప్లేలిస్ట్ కూడా ఆ రోజే మారుతుంది. కాబట్టి దొరికిన ప్రతి పేరునూ ఫాలో నొక్కి పెట్టండి. పాటకు లైక్ కొట్టి ఊరుకుంటే రాడార్‌కి సరిపోదు.

ప్రశ్న: నాలుగు పాటలున్నదాన్ని ఆల్బమ్ అనొచ్చా?
– పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మ్యూజిక్ యాప్‌ల లెక్కలో అది ఈపీ. మామూలుగా మూడు పాటల దాకా సింగిల్, నాలుగు నుంచి ఆరు పాటలుండి అరగంట దాటకపోతే ఈపీ, ఏడు పాటలో అంతకంటే ఎక్కువో ఉన్నా, అరగంట మించినా ఆల్బమ్. రివ్యూలో ఈపీని ఈపీ అనే రాయండి. పద్దెనిమిది నిమిషాల పనిలో "వైవిధ్యం లేదు" అని తప్పు పట్టే అలవాటు దానితో కొంత తగ్గుతుంది.

ప్రశ్న: రివ్యూ రాద్దామని కూర్చుంటే "అద్భుతం", "మనసుకు హత్తుకుంది", "ప్రొడక్షన్ బాగుంది" దాటి ముందుకు పోవడం లేదు. ఎన్నిసార్లు వినాలి, ఏం రాసుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కొండాపూర్

జవాబు: రాత కంటే ముందు సెట్టింగుల సంగతి చూడండి. షఫుల్ ఆపండి. క్రాస్‌ఫేడ్ సున్నాలో పెట్టండి, లేకపోతే ఒక పాట చివర, మరో పాట మొదలు కలిసిపోయి, అది సంగీతకారుడి ఆలోచన అనుకుని మెచ్చుకునే ప్రమాదం ఉంది. ఈక్వలైజర్ తీసేయండి. యాపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ (శబ్దం చుట్టూరా వినిపించే పద్ధతి) ఆపండి. అట్మాస్ మిక్స్ వేరు, స్టీరియో మిక్స్ వేరు. ఒకటి విని రెండోదాని గురించి రాస్తే చదివినవాళ్లకు మీ మాట అర్థం కాదు. స్పాటిఫైలో ఆడియో క్వాలిటీ 'ఆటోమేటిక్'లో ఉంటే సిగ్నల్ తగ్గినప్పుడు నాణ్యతా తగ్గిపోతుంది. 'లో'లో అది సెకనుకు 24 కిలోబిట్లే, 'వెరీ హై'లో 320. తాళాలు, సింబల్స్ నీళ్లలో మునిగినట్టు వినబడితే ఇంజనీర్‌ని తిట్టేముందు ఈ సెట్టింగ్ చూడండి.

ఆల్బమ్‌ను ఆల్బమ్ పేజీ నుంచే నడిపించండి, ప్లేలిస్ట్‌లో వేసుకుని కాదు. స్పాటిఫై అన్ని పాటల శబ్దస్థాయినీ దాదాపు ఒకే మట్టానికి తెస్తుంది. ఆల్బమ్‌గా వింటే పాటల మధ్య హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి, ప్లేలిస్ట్‌లో ఏ పాటకా పాట సర్దేస్తుంది. కావాలని మెల్లగా పెట్టిన పాట పక్కపాటతో సమానంగా మోగితే ఆ ఉద్దేశం పోయినట్టే.

మొదటిసారి కాగితం, ఫోను పక్కనపెట్టి చివరిదాకా వినండి. మర్నాడు రెండోసారి, పెన్నుతో. అభిప్రాయాలు వద్దు, సమయాలు రాయండి: "మూడో పాట, 1:42, డ్రమ్స్ ఆగాయి, గొంతు ఒక్కటే". మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని. నాలుగోసారి మెట్రోలోనో కారులోనో. హెడ్‌ఫోన్‌లో గొప్పగా ఉన్న బేస్ రైలు రొదలో మాయమైతే అదీ రాయదగ్గ విషయమే. నలభై నిమిషాల ఆల్బమ్‌కి ఇదంతా మూడు గంటల లోపే. విడుదలైన రాత్రే రివ్యూ పెట్టేవాళ్లకు ఆ మూడు గంటలు ఎక్కడివో మాకు అర్థం కాదు.

"ప్రొడక్షన్" అనే మాట రాసిన ప్రతిచోటా ఏది, ఎక్కడ అని అడగండి. 'స', 'శ' అక్షరాలు చెవిలో గుచ్చుకుంటే గొంతు మీద డీ-ఎస్సర్ (ఆ బుసను తగ్గించే సాధనం) చాలలేదు. 'ప', 'బ' దగ్గర దబ్బుమని గాలి కొడితే మైకు ముందు పాప్ ఫిల్టర్ లేదు, లేదా గాయకుడు మరీ దగ్గరికి వచ్చాడు. పల్లవి దగ్గర వాయిద్యాలన్నీ చేరినా పాట ఏమాత్రం పెరిగినట్టు అనిపించకపోతే మాస్టరింగ్‌లో లిమిటర్‌తో (శబ్దం గీత దాటకుండా అణిచే సాధనం) నొక్కేసి ఉండొచ్చు. మాటలు తెలియకపోతే గొంతును మిక్స్‌లో పాతిపెట్టారా, గాయకుడి ఉచ్చారణే అంతా అన్నది తేల్చుకోండి. వాయిద్యాలు తగ్గిన చోట మాటలు తేటగా వినబడితే నేరం మిక్స్‌ది.

రాత అయిదారు వందల పదాలు దాటనక్కర్లేదు. పాట తర్వాత పాట వరుసపెట్టి చెప్పుకుంటూ పోతే అది పట్టిక. రెండు మూడు పాటలు లోతుగా పట్టుకుని, మిగతావి వాటి చుట్టూ ఒక్కో వాక్యంలో కట్టేయండి. పూర్తయ్యాక విశేషణాలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. ఏమీ మిగలకపోతే మీరింకా ఆల్బమ్ గురించి రాయలేదు. "మనసును తాకింది" అన్నచోట "2:10 దగ్గర గిటార్ ఆగిపోయి, అదే పల్లవిని ఆమె కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడింది" అని రాస్తే మనసును తాకిందో లేదో చదివేవాళ్లే చూసుకుంటారు. ఇంకొక్కటి: ప్రతి కొత్త పాటనూ రెహమాన్‌తో పోల్చకండి. దానివల్ల ఇద్దరి గురించీ ఏమీ తెలియదు.

ప్రశ్న: తెలుగు ఇండీ పాటల్లో సాహిత్యం బాగుందా లేదా అని తూచడానికి ఏమైనా పద్ధతి ఉందా? నాకు ఛందస్సు రాదు.
– ఉపాధ్యాయుడు, ఉప్పల్

జవాబు: ఛందస్సు అక్కర్లేదు, గురులఘువులు చెవికి తెలిస్తే చాలు. ముందు సాహిత్యాన్ని మామూలు మాటలా చదవండి, తర్వాత పాట వినండి. లఘువు మీద బాణీ ఎక్కడ సాగిందో గుర్తుపెట్టుకోండి. 'కల' మొదటి అక్షరం సాగితే 'కాల' అవుతుంది. 'విడు' సాగితే 'వీడు' అయి, విరహగీతంలో ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడు. బాణీ ముందు కట్టి మాటలు తర్వాత నింపినప్పుడు, అందులోనూ ఇంగ్లీషు శబ్దాలతో డమ్మీ పాడుకుని దాని మీద తెలుగు వేసినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. మాట చివరి అచ్చు సాగితే అంత ఇబ్బంది లేదు, జానపదం నుంచి క్షేత్రయ్య పదాల దాకా అందరూ చేసిందే.

ర్యాప్‌కి వేరే పరీక్ష. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, క్రియలకు ప్రత్యయాలూ ఒకటే. 'వచ్చాను, చూశాను, పోయాను' అంటే అంత్యప్రాస వ్యాకరణమే ఉచితంగా ఇచ్చేస్తుంది, అందులో రాసినవాడి పనితనం లేదు. క్రియతో నామవాచకం ప్రాస కలిసిందా, పాదంలో రెండో అక్షరం పలికిందా అని చూడండి. పద్యానికి ప్రాసస్థానం అదే, మంచి ర్యాపర్లు తెలిసో తెలియకో అక్కడ చేయి పెడతారు.

హైదరాబాద్ బ్యాండ్లలో యాస నిలకడ కూడా గమనించండి. ఒకే చరణంలో 'గట్ల జేసిన' అని, వెంటనే 'అలా చేశాను' అంటే, పాటలో రెండు గొంతులు మాట్లాడుతున్నాయా, లేక పల్లవికి మాత్రమే యాసను అలంకారంగా తొడిగారా? రెండోదైతే మొహమాటపడకుండా రాయండి.

ప్రశ్న: నెలకు అయిదు వందలు ఖర్చు పెట్టగలను. కళాకారులకు ఎక్కువ చేరే దారేది? రాత్రంతా మ్యూట్‌లో వాళ్ల పాటలు తిప్పితే లాభమా?
– అభిమాని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండో పని దయచేసి చేయకండి. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నది ఒక లెక్క. 2024 నుంచి పాటకు ఏడాదిలో కనీసం 1,000 వినికిళ్లు ఉంటేనే డబ్బు. ఆ గీత దాటిద్దామని లూప్‌లో తిప్పితే కృత్రిమ వినికిడిగా పట్టుబడుతుంది. ఆ లెక్కలు తీసేస్తారు, మోసం మరీ ఎక్కువగా కనిపిస్తే లేబుల్ మీదో డిస్ట్రిబ్యూటర్ మీదో జరిమానా పడుతుంది. మీ ప్రేమకు మూల్యం వాళ్లు చెల్లించాలి.

బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు వాటా 15 శాతం, చెల్లింపు రుసుము కొద్దిగా. అయిదు వందల్లో నాలుగు వందల దాకా అటు చేరుతుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన రోజుల్లో ఆ 15 శాతం కూడా వదులుకుంటారు. ఆ రోజు అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం నడుస్తుంది, మనకు శుక్రవారం మధ్యాహ్నం 12:30కి మొదలై శనివారం అదే వేళకు అయిపోతుంది (చలికాలంలో ఒక గంట ఆలస్యం). ఉదయమే కొనేసి పుణ్యం చేశామనుకోకండి. కార్డు తిరస్కరిస్తే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి, కొత్త కార్డుల్లో అవి మూసే వస్తాయి. నాణ్యత తగ్గని ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైలు దించుకుని దాచుకోండి. పాట రేపు యాప్‌లోంచి మాయమైనా మీ దగ్గర ఉంటుంది. విదేశీ వినైల్ రికార్డుల జోలికి మాత్రం ఈ బడ్జెట్‌లో వెళ్లకండి, రవాణా, సుంకమే దాన్ని మింగేస్తాయి.

ప్రశ్న: ఒక బ్యాండ్ వాళ్లు ఆల్బమ్ ముందే పంపి, షో పాసులు ఇచ్చారు. రివ్యూ రాస్తే తప్పా? వీడియోలో పాట ముక్క వాడొచ్చా?
– ఇన్‌స్టాగ్రామ్‌లో రాసే పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: రాయండి, కానీ మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి. ప్రకటనల స్వీయనియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో పెట్టిన నియమాల ప్రకారం డబ్బే కాదు, ఉచిత వస్తువులూ టికెట్లూ కూడా బయటపెట్టాల్సిన సంబంధాలే. 'మరిన్ని' నొక్కితే గానీ కనిపించని చోట దాచకూడదు. బ్యాండ్‌లో స్నేహితుడుంటే అదీ చెప్పండి, లేదా రివ్యూ మానేసి పరిచయం రాయండి. విడుదల తేదీకి ముందు ఆ లింకు ఎవరికీ పంపొద్దు.

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది. ఎన్ని సెకన్లన్నది మాత్రం చట్టంలో లేదు. '30 సెకన్ల దాకా ఫర్వాలేదు' అన్నది ఎవరో పుట్టించిన మాట. మీ వాదనకు ఎంత ముక్క అవసరమో అంతే వాడి, దాని మీద మాట్లాడండి. పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ ఒక యంత్రం, దానికి సెక్షన్లు తెలియవు, పట్టుకుంటే వివాదం నమోదు చేసుకోవాలి. అంత తలనొప్పి వద్దనుకుంటే బ్యాండ్ దగ్గర ఈ-మెయిల్‌లో అనుమతి తీసుకోండి. ఇండీవాళ్ల సంగతిలో ఉన్న సుఖం ఇదే, హక్కులు చాలాసార్లు వాళ్ల చేతిలోనే ఉంటాయి.

ప్రశ్న: షోలో విన్న పాటకూ ఆల్బమ్‌లో పాటకూ పొంతన లేదు. ఏది అసలుదని రాయాలి?
– పాఠకురాలు, తార్నాక

జవాబు: ఆల్బమ్ రివ్యూలో ఆల్బమ్‌దే మాట. షో సంగతి ఒక్క పేరాలో, తేడాగా చెప్పండి: వేగం పెరిగిందా, శ్రుతి తగ్గించారా, స్టూడియోలో వేసిన నాలుగు పొరల గొంతు వేదిక మీద ఒక్కటే అయిందా. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చిన్న చోట్లలో మాట స్పష్టంగా తెలుస్తుంది, బార్‌లో అయితే సౌండ్ బోర్డు పక్కన నిలబడండి, మిక్స్ చేసేవాళ్ల చెవులున్నది అక్కడే. స్పీకర్ ముందు నిలబడి బేస్ ఎక్కువైందని రాయకండి. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి భద్రమైన సమయం పావుగంటే, కాబట్టి చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. దూది పనిచేయదు, అది పై స్వరాలను కొంచెం తగ్గించి బేస్‌ను అలాగే లోపలికి పంపుతుంది.