సంతకం పెట్టేముందు

చి.ల.సౌ. స్వాతికి, ప్లేనో నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పిటిషన్ చదివాను. ఫ్రిస్కోలో మీ కాలనీ వెనక స్థలంలో టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లు (తక్కువ జీతాలవాళ్లకు తక్కువ అద్దెకిచ్చేవి) వస్తున్నాయట, ఆపాలట, ఆదివారంలోగా సంతకాలు కావాలట. ఆ గడువు వాళ్లు పెట్టుకున్నదే, సిటీ పెట్టింది కాదు. కంగారుపడకు.

ఇవి సర్కారు కట్టే ఇళ్లు కావు. 1986 నాటి ఫెడరల్ చట్టం కింద ఏటా ప్రతి రాష్ట్రానికీ కొంత పన్ను రాయితీ వస్తుంది. మన టెక్సస్‌లో దాన్ని ఆస్టిన్‌లోని రాష్ట్ర హౌసింగ్ శాఖ బిల్డర్లకు కేటాయిస్తుంది. బిల్డర్ ఆ క్రెడిట్లు చూపించి బ్యాంకుల దగ్గర పెట్టుబడి తెచ్చుకుంటాడు, వాళ్లకు పదేళ్లపాటు పన్ను తగ్గుతుంది. అందుకు బదులుగా కనీసం 30 ఏళ్లు అద్దెలు హద్దులో ఉంచాలి.

ఎవరొస్తారోనన్నదే కదా మీ టెన్షన్. 2024 లెక్కన డాలస్ ప్రాంతంలో నలుగురున్న కుటుంబం మధ్యస్థ ఆదాయం 1,10,000 డాలర్ల పైచిలుకు. మామూలుగా అందులో 60 శాతం, అంటే సుమారు 66,000 లోపు సంపాదించేవాళ్లకే ఈ ఇళ్లు. ఆ లెక్కన రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి అద్దె, కరెంటు కలిపి 1,500 దాటకూడదు. మీ పాప డేకేర్ టీచరు, స్కూల్ బస్సు డ్రైవరు, మన ఇండియన్ స్టోర్లో బిల్లు కొట్టే పెద్దాయన... వీళ్ల జీతాలు ఒకసారి లెక్కేసి చూడు. "స్టూడెంట్లు గుంపులుగా దిగుతారు" అని కూడా రాశారు, నవ్వొచ్చింది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే, కొన్ని మినహాయింపులు తప్ప, అసలు ఇవ్వరు!

"జనాభా తీరు మారిపోతుంది" అన్న వాక్యం మాత్రం నాకు మింగుడుపడలేదు. 1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేల పైచిలుకు. 2020కి రెండు లక్షలు. 2010లో పదో వంతున్న ఆసియావాళ్లు పదేళ్లలో నాలుగో వంతు దాటారు. మార్చింది మనమే తల్లీ. ఆ వాక్యం కింద మన ఇంటిపేర్లు వరసగా ఉంటే చదివేవాళ్లకు ఎలా ఉంటుంది?

పైగా ఇలాంటి మాటలు కోర్టుల దాకా వెళ్తాయి. ఈ క్రెడిట్లు నల్లజాతీయులు ఎక్కువగా ఉండే పేటలకే వెళ్తున్నాయని, తెల్లవాళ్ల శివార్లకు రావట్లేదని డాలస్‌లోని ఇన్‌క్లూసివ్ కమ్యూనిటీస్ ప్రాజెక్ట్ అనే సంస్థ రాష్ట్ర హౌసింగ్ శాఖ మీద కేసు వేసింది. వివక్ష చూపాలన్న ఉద్దేశం రుజువు కాకపోయినా, ఫలితంలో వివక్ష ఉంటే, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద దావా వేయొచ్చని 2015లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. తర్వాత కింది కోర్టులో ఆ సంస్థ ఓడిపోయిందనుకో, కానీ ఆ సూత్రం నిలిచింది.

ఇంటి ధర పడిపోతుందన్న భయాన్ని నేను కొట్టిపారేయను. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు ఈ అపార్ట్‌మెంట్ల చుట్టూ పదో వంతు మైలు లోపల ధరలు చూశారు. పేద పేటల్లో 6.5 శాతం పెరిగాయి. మైనారిటీలు తక్కువగా ఉండే సంపన్న పేటల్లో 2.5 శాతం తగ్గాయి. అది నష్టమే. కానీ పిటిషన్‌లో రాసినంత ప్రళయం కాదు.

కాబట్టి సంతకం పక్కనపెట్టి కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లు. పోటీ మీద ఇచ్చే క్రెడిట్లకు బిల్డర్ల దరఖాస్తుల్ని పాయింట్లు వేసి ఎంచుతారు, అందులో సిటీ మద్దతు తీర్మానానికే 17 పాయింట్లు, అందుకే బిల్డర్ మీ ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పదు. స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఆస్తి పన్ను కడతారా, మినహాయింపు తెచ్చుకుంటారా? ఇది మొదట అడుగు, చాలామంది అడగరు. నడిపేది ఎవరు, వాళ్ల పాత కాంప్లెక్సులు ఎలా ఉన్నాయి? వీలైతే వెళ్లి ఒకటి చూసిరా. మూడు బెడ్‌రూమ్‌లవి ఎన్ని, గేటు ఏ రోడ్డు మీదకి అన్నవి తర్వాత. మైకు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే, కాగితం మీద రాసుకెళ్లు.

అల్లుణ్ణీ తీసుకెళ్లు. ఆ సాయంత్రం పిల్లల్ని మా ఇంట్లో దింపేయండి, మీ పెద్దమ్మ వాళ్ల భోజనం సంగతి చూసుకుంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న