అంతర్జాతీయ సంబంధాలు చదవాలంటే ముందు ఫీజు లెక్క చూసుకోవాలి

సందేహం: మాది అమలాపురం. కొబ్బరి తోట మీదే మా ఇంటి ఆదాయం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (రకరకాల సబ్జెక్టులు కలిపి చదివించే డిగ్రీ కాలేజీ) అంతర్జాతీయ సంబంధాలు చదవాలని నా కోరిక. అదేం చదువని ఇంట్లో అడుగుతున్నారు.

జవాబు: అమ్మా, నిరభ్యంతరంగా చదువుకో. మన డెల్టావాళ్లకు ఈ చదువు పరాయిది కాదు. 2005లో అమెరికా మన రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా అమ్ముతున్నారంటూ వేసే పన్ను) విధించినప్పటి నుంచి భీమవరం చెరువు గట్టు మీద పలికే కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధరకూ వాషింగ్టన్ నిర్ణయాలకూ ముడి పడింది. ఎదుర్లంక వంతెన దాటగానే వచ్చే యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది; అది చట్టప్రకారం మన దేశంలో కలిసేసరికి 1962 అయింది. నేనూ అమెరికాలో ఇటువంటి చిన్న కాలేజీలోనే ఈ చదువు చదివాను; చివరి ఏడాది పరిశోధన వ్యాసానికి యానాన్నే ఎంచుకున్నాను. మా ప్రొఫెసరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిత్తుప్రతిలోని ప్రతి పేరా పక్కన పెన్సిలుతో ప్రశ్నలు రాసి, వాటికి జవాబు చెప్పేదాకా వదిలేవారు కాదు. వందలమంది కూర్చునే తరగతుల్లో డిగ్రీ విద్యార్థికి అంత శ్రద్ధ దొరకదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ 1961లో పట్టా అందుకున్న మెకలెస్టర్ కూడా ఇటువంటి చిన్న కాలేజీయే.

ఇక అసలు విషయం డబ్బు. ఫీజులో సాయం అడిగితే సీటు రాదని ఎవరో చెబితే నమ్మి, నేను దరఖాస్తులో సాయం అక్కర్లేదని రాశాను. సీటు వచ్చింది. పాలకొల్లు దగ్గర ఉన్న మా చెరువుల్లో ఒకటి అమ్మి నాన్నగారు మొదటి ఏడాది ఫీజు కట్టారు. మరుసటి ఏడాది తెల్లమచ్చ తెగులు సోకి మిగిలిన చెరువుల్లో రొయ్యలన్నీ పోయాయి. చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి మధ్యలో సాయం ఇచ్చే నిబంధన లేదని కాలేజీవారు మర్యాదగానే చెప్పారు. నాన్నగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి అప్పు తెచ్చారు. నేను భోజనశాలలో ప్లేట్లు కడిగాను, రాత్రుళ్లు లైబ్రరీ కౌంటరు దగ్గర కూర్చున్నాను. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. ఆ జీతం పుస్తకాలకూ చలికోటుకూ సరిపోయిందే కానీ ఫీజులో ఒక మూలకు కూడా రాలేదు. ఆ అప్పంతా ఉద్యోగంలో చేరాక నేనే అణాపైసలతో తీర్చాను. నీ వయసులో వడ్డీ బరువు తెలియదు కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆమ్‌హర్స్ట్, బోడన్ వంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగినా సీటు విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోవు. చాలా కాలేజీలు తీసుకుంటాయి. అయినా అడిగే చేరాలి. చదువయ్యాక ఈ సబ్జెక్టుకు అమెరికాలో పని అనుమతి ఒక్క ఏడాదే. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) వారికిచ్చే 24 నెలల పొడిగింపు దీనికి లేదు. అమెరికా దౌత్య ఉద్యోగాలు ఆ దేశ పౌరులకే; మన ఫారిన్ సర్వీసుకు యూపీఎస్సీ పరీక్ష రాయాలి. అందుకే వీలైతే స్టెమ్ కిందికి వచ్చే క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌ను (లెక్కలతో కూడిన ఆర్థికశాస్త్రం) రెండో మేజరుగా, అంటే రెండో ప్రధాన సబ్జెక్టుగా తీసుకో. చలి, ఒంటరితనం గురించి బెంగ వద్దు, అవి అలవాటవుతాయి.

మీది కొబ్బరి తోట ఆదాయమన్నావు. అది ఏటా ఒకేలా ఉండదు కాబట్టి, గత మూడేళ్ల దింపుల లెక్కలు, అమ్మకం రసీదులు ఇప్పుడే తీసి, సాయం దరఖాస్తుతో పాటు ఒక వివరణ లేఖ జతచేయి. ఆ సాయం నాలుగేళ్లూ ఉంటుందా, ఫీజు పెరిగితే అదీ పెరుగుతుందా, ఆరోగ్య బీమా అందులో కలుస్తుందా అని కాలేజీని అడిగి, జవాబు రాతలోనే తెప్పించుకో.