సాంబారు తగిలిన కాగితాన్ని ఏ యంత్రమూ బాగుచేయలేదు

ప్రశ్న: మా ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేర్వేరు డబ్బాల్లో వేస్తాను. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. “ఇప్పుడు కెమెరాలు, రోబోలు అన్నీ క్షణాల్లో వేరు చేసేస్తున్నాయి, నీకెందుకమ్మా ఈ శ్రమ?” అంటాడు. మా అపార్ట్‌మెంట్‌లో చాలామందిదీ అదే మాట. వాడు చెప్పేది నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన యంత్రాలు ఉన్నాయి. అవంటే నాకు ఎంతో గౌరవం. ఉద్యోగ జీవితమంతా నేను ఉక్కు కర్మాగారంలో కన్వేయర్ బెల్టుల మధ్యే గడిపాను. బొగ్గు బెల్టు పైన వేలాడే పెద్ద అయస్కాంతం, బొగ్గులో కలిసి వచ్చిన బోల్టునూ గొలుసు ముక్కనూ లాగేసుకుని ముందున్న క్రషర్‌ను కాపాడేది. చెత్తను వేరు చేసే కేంద్రంలోనూ ఇనుప డబ్బాలను పట్టేది అలాంటి అయస్కాంతమే.

అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు. అందుకని బెల్టు చివరి రోలరు లోపల అయస్కాంతాలను మహా వేగంగా తిప్పుతారు. ఆ వేగానికి అల్యూమినియంలో సుళ్లు తిరిగే విద్యుత్తు పుడుతుంది, దాంతో రోలరులోని అయస్కాంతాలు దాన్ని దూరంగా నెడతాయి. కూల్‌డ్రింక్ డబ్బా వలలోంచి చేప ఎగిరినట్టు ముందుకు దూకి వేరే తొట్టిలో పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది.

ప్లాస్టిక్ పని ఇంకా సున్నితం. బెల్టు మీద పరారుణ కాంతి పడుతుంది. సుమారు 900 నుంచి 1,700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలవి, మన కంటికి కనబడవు. మంచినీళ్ల సీసా చేసే పెట్, షాంపూ సీసా చేసే హెచ్.డి.పి.ఇ., పెరుగు డబ్బా చేసే పాలీప్రొపిలీన్, ఒక్కొక్కటి ఆ కాంతిని ఒక్కో తీరులో పీల్చుకుంటుంది. తిరిగి వచ్చిన కాంతిని బట్టి కంప్యూటర్ అదేమిటో పోల్చుకుంటుంది. ఆ సీసా బెల్టు అంచుకు చేరగానే కింద వరుసగా ఉన్న సన్నని గొట్టాల్లోంచి గాలి చిమ్మి దాన్ని పక్కకు నెట్టేస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నీరు కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది, ముఖ్యంగా 1,450 నానోమీటర్ల దగ్గర. అంటే తడిసిన వస్తువు మీద ప్లాస్టిక్ సంతకం కన్నా నీటి సంతకం బలంగా పడుతుంది. రోబో చేయి గాలి పీల్చే రబ్బరు మూతితో వస్తువును ఎత్తుతుంది. చట్నీ పూసుకున్న పలుచని కవరు ఆ మూతికి అంటక జారిపోతుంది. ఇక కాగితం సంగతి మరీ దుఃఖం. పోయిన వానాకాలంలో ఒక పొడి చెత్త షెడ్డుకు వెళ్లాను. అక్కడ పనిచేసే ఒకామె సగం తడిసిన నోటు పుస్తకాల కట్ట ఎత్తి చూపించింది. “ఇంట్లో ఉన్నప్పుడు ఇది కాగితమేనండీ. సాంబారుతో కలిసి వచ్చింది. ఇక దీన్ని ఎవరూ కొనరు” అంది. అక్కడ యంత్రం లేదు. ఉన్నా ఆమె మాటే నిజమయ్యేది. కలిసిన వస్తువులను యంత్రం విడదీయగలదు గాని, కాగితంలోకి ఇంకిన సాంబారును వెనక్కి తీయలేదు.

కాల్చి కరెంటు తీయడానికీ తడి అడ్డమే. మన కాపులుప్పాడలో చెత్త నుంచి విద్యుత్తు తీసే 15 మెగావాట్ల కేంద్రం ఉంది. అలాంటి కొలిమిలోకి తడి చెత్త వెళితే ముందు ఆ నీరు ఆవిరి కావడానికే వేడి ఖర్చయిపోతుంది.

ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తను వేరు చేయాలని 2016 నాటి జాతీయ నిబంధనలు చెప్పాయి. మీరు చేస్తున్నది సరైన పని, దయచేసి మానకండి. ఒక చిన్న మాట మాత్రం చేరుస్తాను. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకండి, ముక్క ప్యాకెట్‌కే వేలాడనివ్వండి. కేంద్రంలో మొదట తిరిగే పెద్ద జల్లెడ డ్రమ్ములో ఆ చిన్న ముక్క మట్టితో పాటు రాలిపోతుంది, మళ్లీ ఎవరికీ దొరకదు. మా ఇంట్లో ప్యాకెట్లను కూరగాయలు కడిగిన నీళ్లతోనే జాడించి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరవేస్తాం. అల్యూమినియం రేకును పారేసే ముందు పిడికిలంత ఉండలా చుట్టండి. పలుచని రేకు ముక్క డబ్బాలా దూకదు.

ప్రశ్న: హోటల్ పార్శిల్‌తో వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బాలను శుభ్రంగా కడిగి పొడి చెత్తలో వేస్తున్నాను. అవి రీసైక్లింగ్‌కు వెళతాయా?
- ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: బాబూ, కడుగుతున్నందుకు సంతోషం. కానీ ఆ నలుపు సాధారణంగా కార్బన్ బ్లాక్ అనే పొడి వల్ల వస్తుంది. అది పరారుణ కాంతిని దాదాపు మొత్తం మింగేస్తుంది. పైగా బెల్టూ నల్లనిదే. డబ్బా ఎదుటే ఉన్నా యంత్రానికి ఖాళీ బెల్టులాగే కనబడుతుంది, చివరికి మిగులు చెత్తలో పోతుంది. చేత్తో ఏరేచోట దక్కితే దక్కవచ్చు. హోటల్‌లో తెల్లదో రంగులేనిదో అడగండి. ఇంట్లో స్టీలు క్యారియర్ ఉంటే అది తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు. ఇప్పటికే పోగైన నల్ల డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి కొత్తిమీర చల్లండి.

సీసా ఒళ్లంతా కప్పే రంగుల తొడుగు ఉంటే చింపి వేయండి. యంత్రం పైపొరనే చదువుతుంది, లోపలి సీసాను కాదు.

ప్రశ్న: పాత ఫోను బ్యాటరీలను పొడి చెత్తలో వేయవచ్చా?
- ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: వద్దండీ, ఎంత మాత్రమూ వద్దు. చెత్త బండిలో నొక్కుడు పడి లిథియం బ్యాటరీ చిల్లుపడితే నిప్పంటుకుంటుంది, ఆ పక్కనే పారిశుద్ధ్య కార్మికులు ఉంటారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది. కాబట్టి ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో ఇవ్వండి. అంతవరకు లోహపు కొనల మీద టేపు అంటించి విడిగా దాచండి. ఉబ్బిన బ్యాటరీ అయితే గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి. పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి, పిల్లలకు అందకుండా ఆరుబయట ఉంచి, వీలైతే ఆ రోజే తీసుకెళ్లి ఇచ్చేయండి.