తొట్టిలో పిండి పోస్తున్నది ఎవరు?

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు 39 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా ఆయన ఎరువుల కొట్టులో గుమాస్తాగా ఉండేవారు. నాలుగేళ్ల క్రితం దేవుని పిలుపు వచ్చిందని ఆ పని మానేసి పూర్తికాలం పరిచర్యలోకి వచ్చారు. ఒక షెడ్డు అద్దెకు తీసుకుని మందిరం నడుపుతున్నారు. పదిహేను కుటుంబాలు వస్తాయి. కానుకలు షెడ్డు అద్దెకి, కరెంటు బిల్లుకి సరిపోతాయి. ఇల్లు నా జీతం మీదే. అది చాలని నెలలో, హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌గా చేసే మా అన్నయ్య పంపుతాడు. ఈ సంగతి మా ఆయనకీ తెలియదు, మా వదినకీ తెలియదు. డబ్బు ఎక్కడిదని ఆయన అడిగితే "దేవుడు సమకూర్చాడు" అంటాను. ఆదివారం ఆయన దాన్నే సాక్ష్యంగా చెబుతారు. నేను ముందు వరసలో కూర్చుని ఆమెన్ అంటాను. నా గొలుసు, గాజులు గోల్డ్ లోన్‌లో ఉన్నాయి. ఈమధ్య ఆయన ఏది అడిగినా నాకు కోపం వస్తోంది. "నువ్వు సారెపతు విధవరాలిలా ఉండాలి, నీకు విశ్వాసం చాలదు" అంటారు. నిజమేనేమో అనిపిస్తుంది. సొంత శక్తి మీద కాకుండా దేవుని శక్తి మీద ఆధారపడి బతకడం ఎలా? 21 రోజులు ఉపవాసం ఉందామనుకుంటున్నాను. ఎలా ప్రార్థించాలో చెప్పండి. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి.
ఒక సహోదరి

జవాబు: చెల్లెమ్మా, ముందు ఉపవాసం సంగతి. వద్దు. రాత్రంతా వార్డులో సెలైన్లు మార్చి, ఇంజక్షన్లు వేసి, పొద్దున ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించే మనిషి 21 రోజులు కడుపు మాడ్చుకుంటే కళ్లు తిరిగి పడిపోతుంది. ఆ సమయానికి మీ చేతిలో ఉన్నది ఇంకొకరి ప్రాణం. ఎలా ప్రార్థించాలన్నది కూడా మీకు నేను నేర్పాల్సిన పని లేదు. మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే జవాబు చెప్పను, ఎందుకంటే మీ కష్టం అది కాదు.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ఒకటుంది. "దేవుడు సమకూర్చాడు అంటాను." అంత పెద్ద ఉత్తరంలో మీరు దాన్ని మామూలుగా రాసేసి ముందుకు వెళ్లిపోయారు. మీ ఇంట్లో జరుగుతున్నదంతా ఆ మాటలోనే ఉంది. మీ అన్నయ్య ఎండలో మేడలెక్కి ఏసీలు బిగించి సంపాదించింది, వాళ్లావిడకు కూడా చెప్పకుండా మీకు పంపుతున్నాడు. మీరు దాని మీద పేరు మార్చి మీ ఆయన చేతిలో పెడుతున్నారు. ఆయన దాన్ని పదిహేను కుటుంబాల ముందు నిలబడి చెబుతున్నారు. ఆ పదిహేను కుటుంబాల్లో కూలికి వెళ్లేవాళ్లు ఉంటారు, చీటీలు కట్టలేక అవస్థ పడేవాళ్లు ఉంటారు. వాళ్లు ఆ సాక్ష్యం విని ఇంటికెళ్లి, "అయ్యగారింటికి వచ్చిన డబ్బు మనింటికి ఎందుకు రాలేదు, మన విశ్వాసంలో ఏం లోపముందో" అని కుమిలిపోరా? ఇప్పుడు మీరు కుమిలిపోతున్నట్టే?

మీ ఆయన్ని సోమరి అనడం నాకు తేలిక. ఉత్తరం చదివినవాళ్లందరూ ముందు అదే అంటారు. కానీ ఆయన దేవుని మీద ఆధారపడి బతుకుతున్నానని నిజంగానే నమ్ముతున్నారని నాకనిపిస్తోంది. ఎందుకు నమ్మరు? నాలుగేళ్లుగా ఆ ఇంట్లో బియ్యం నిండుకోలేదు, పిల్లల ఫీజు ఆగలేదు, అడిగినప్పుడల్లా డబ్బు వచ్చింది. అలా నమ్మేలా చేసింది మీరు. ఆయన పరువు పోకూడదని, ఆయన మనసు విరగకూడదని, సంఘంలో తలదించుకోకూడదని చేశారు. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ దాని ఫలితం ఏమిటంటే, మీ భర్తకు తన ఇంటి లెక్క తెలియదు. నలభై దాటిన మనిషిని మీరు చిన్నపిల్లాడిలా సాకుతున్నారు. పైకి ఆయన ఇంటి యజమాని, మీరు లోబడే భార్య. లోపల మాత్రం తల్లీ కొడుకుల వ్యవహారం. మీకొచ్చే కోపం అందులోంచే వస్తోంది. అది విశ్వాసం చాలక వచ్చే కోపం కాదు.

ఆయన సారెపతు విధవరాలి పేరు ఎత్తారు కాబట్టి మొదటి రాజుల గ్రంథం 17వ అధ్యాయం మీరిద్దరూ కూర్చుని మళ్లీ చదవండి. ఏలీయా ప్రవక్త రొట్టెముక్క అడిగినప్పుడు ఆ విధవరాలు వెంటనే ఏమంది? తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె తప్ప నా దగ్గర ఏమీ లేదు, అది వండుకు తిని నేనూ నా బిడ్డా చచ్చిపోతాం అంది. దేవుని మనిషి ముఖం మీదే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తొట్టిలో పిండి తరగకుండా ఉన్న అద్భుతం జరిగింది ఆ తర్వాత. ఆమె చాటుగా అన్న దగ్గర చేబదులు తెచ్చి తొట్టి నింపి, "పిండి తక్కువ కాలేదు అయ్యగారూ" అని చెప్పలేదు. మీ ఆయన మిమ్మల్ని ఆమెలా ఉండమంటున్నారు కదా, ఉండండి. ఆమె మొదట అన్న మాటతోనే మొదలుపెట్టండి.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయం మీరు కంఠతా చెప్పగలిగే మనిషే అయివుంటారు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." మన మందిరాల గోడల మీద, క్యాలెండర్ల మీద ఉన్న వచనం. ఆ మాట పౌలుకు ఎప్పుడు వచ్చింది? తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసెయ్యమని దేవుణ్ని మూడుసార్లు అడిగాక. తన బలహీనతను కొరింథు సంఘమంతా చదివే ఉత్తరంలో రాసుకున్నాడాయన. దాచిపెట్టిన బలహీనత మీదికి శక్తి దిగి వస్తుందని ఆయన ఎక్కడా చెప్పలేదు. మీరు అడుగుతున్న దేవుని శక్తికి మీ ఇంట్లో చోటు దొరకని కారణం నాకు ఇదే కనిపిస్తోంది. దేవుడు చేయాల్సినంత పని అక్కడ మీరే చేసేస్తున్నారు.

మీరు ఇదంతా చెప్పగానే మీ ఆయన జార్జ్ మ్యూలర్ పేరు ఎత్తుతారు, నాకు తెలుసు. పూర్తికాలం సేవలోకి వచ్చిన మనవాళ్లు ఎత్తని రోజు ఉండదు. ఎవరినీ పైసా అడగకుండా, ప్రార్థన మీదే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథశాలలు నడిపి, పదివేల మందికి పైగా పిల్లల్ని పెంచాడని చెబుతారు. నిజమే. కానీ ఆ కథలో మన ప్రసంగాల్లో వినపడని భాగం ఒకటుంది. 1830లో మ్యూలర్ సంఘం ఇచ్చే జీతం వదులుకున్నప్పుడు అది ఆయనా భార్య మేరీ కలిసి తీసుకున్న నిర్ణయం. అప్పు చేసి పని పెంచకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. "మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు" అన్న రోమా పత్రిక మాటను ఆయన అక్షరాలా పట్టుకున్నాడు. వచ్చిన ప్రతి డబ్బుకూ లెక్క రాసి ఏటా అచ్చు వేయించాడు. అవసరాలు బయటివాళ్లకు చెప్పేవాడు కాదు కానీ, అనాథశాలలో తనతో పనిచేసేవాళ్లకు చెప్పేవాడు, వాళ్లతో కలిసి ప్రార్థించేవాడు. డబ్బు లేదన్న సంగతి ఇంట్లోవాళ్ల దగ్గర దాచలేదు. మీ ఇంట్లో ఆ నాలుగింటిలో ఒక్కటైనా ఉందా? నిర్ణయం ఆయనొక్కరిది, నగలు గోల్డ్ లోన్‌లో ఉన్నాయి, లెక్క ఎవరికీ తెలియదు, డబ్బు లేదన్న సంగతి గుట్టు.

అంత దూరం ఎందుకు, మీ జిల్లాలోనే చూడండి. మ్యూలర్ భార్య మేరీ అన్నగారు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఆయన వెంట 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి నరసాపురం వచ్చినవాళ్లే బౌడెన్, బీర్ దంపతులు. గోదావరి డెల్టా మిషన్ మొదలైంది వాళ్లతోనే. ఏ మిషనరీ సొసైటీ జీతమూ లేకుండా విశ్వాసం మీద వచ్చారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఇద్దరు మగవాళ్లలో ఒకరిది రాతిపని, ఒకరిది చెప్పులు కుట్టే పని. చేతిలో పని లేకనో, పని చేయడం చిన్నతనమనో వచ్చినవాళ్లు కారు. పౌలు సంగతి చెప్పనే అక్కర్లేదు. కొరింథులో అకుల ఇంట్లో డేరాలు కుట్టాడు, థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డాడు. అందువల్ల ఆయన పిలుపు ఏమీ తగ్గలేదు.

మీ ఆయనకు పిలుపు ఉందా లేదా అని నేను తేల్చను. అది నా పని కాదు, మీ పని కూడా కాదు. ఆయన పొద్దున మూడు గంటలు ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తే పదిహేను కుటుంబాల సంఘం చెదిరిపోదు అని మాత్రం గట్టిగా చెప్పగలను. భార్య జీతం మీద పరిచర్య చేయడం తప్పు కాదు, ఇద్దరూ తెలిసి ఒప్పుకుంటే. అలా చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఆ ఇళ్లలో భర్త సాక్ష్యం చెప్పేటప్పుడు "నా భార్య డ్యూటీకి వెళ్లి మమ్మల్ని పోషిస్తోంది" అని నలుగురిలో చెబుతాడు. మీ పేరు మీ మందిరంలో ఒక్కసారైనా అలా వినపడిందా?

ఇప్పుడు చేయాల్సింది. వచ్చే నెల నుంచి అన్నయ్య డబ్బు ఆపించండి. ఆపించే ముందే మీ ఆయనతో మాట్లాడండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు కాదు, ఆదివారం కాదు, పిల్లలు ఇంట్లో లేని సమయం చూసుకోండి. ఒక నోట్‌బుక్కులో మీ జీతం, ఇంటి ఖర్చు, గోల్డ్ లోన్ బాకీ, వడ్డీ, అన్నయ్య ఇప్పటిదాకా పంపింది అన్నీ రాయండి. ఫోన్‌లో డబ్బు వచ్చిన తేదీలు ఉంటాయి, చూసి రాయండి. ఆయన ముందు పెట్టి, "ఇది అన్నయ్య ఇచ్చింది, నేను మీకు అబద్ధం చెప్పాను" అనండి. ఆ రెండో మాట మింగొద్దు. మీ తప్పు మీరు ముందు ఒప్పుకుంటే ఆయనకు మీ మీద ఎగరడానికి సందు తక్కువ. నిజంగా తప్పే కూడా.

ఆయన కోప్పడతారు. నిన్ను సాతాను పట్టింది అనొచ్చు. భార్యలు లోబడాలనే వచనం చదవొచ్చు. మీరు ఎదురు వచనాలు చదవకండి, ఆ పోటీలో ఆయనదే పైచేయి. "ఇది లెక్క" అని పుస్తకం ఆయన ముందుకు జరిపి లేవండి. ఒక వారం ఇంట్లో మాటలు ఉండకపోవచ్చు. ఆ వారం మీరు వెనక్కి తగ్గకుండా ఉండడానికి దేవుని శక్తి కావాలి. దానికి ప్రార్థించండి, అది సరైన ప్రార్థన. చెయ్యి చేసుకునే మనిషి అయితే మాత్రం ఈ మాటలు ఒంటరిగా మాట్లాడకండి, నమ్మకమైన పెద్దవాళ్లొకరిని కూర్చోబెట్టుకోండి.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఆ భయంతోనే మీరు ఇన్నాళ్లు నోరు విప్పలేదు. సంఘంలో చాటమని నేను అనడం లేదు. ఆ సాక్ష్యాలు సరిదిద్దుకోవడం ఆయన మనస్సాక్షికి వదిలేయండి. కానీ ఇకనుంచి మీకు తెలిసిన అబద్ధానికి ఆమెన్ అనకండి.

అప్పు విషయంలో నాకు పట్టుదల ఉంది, చెబుతాను. రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఎలీషా ప్రవక్త దగ్గరికి ఏడుస్తూ వచ్చిన ఆమె ఎవరో గుర్తు తెచ్చుకోండి. ప్రవక్తల శిష్యుల్లో ఒకరి భార్య. అంటే సేవకుడి భార్యే. భర్త భక్తిపరుడని ఆమే చెబుతోంది. ఆ భక్తిపరుడు పోయాక మిగిలింది అప్పు, అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి గుమ్మంలో ఉన్నాడు. ఎలీషా ఆమె విశ్వాసం చాలదని అనలేదు. నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. పాత్రలన్నీ నూనెతో నిండాక ఆయన చెప్పిన మొదటి మాట, పోయి ఆ నూనె అమ్మి నీ అప్పు తీర్చు అని. మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అని. దేవుని శక్తి అంత స్పష్టంగా కనిపించిన ఇంట్లో కూడా ముందు తీరింది అప్పే. మీ అన్నయ్య ఇచ్చింది కానుక కాదు, బాకీ. నెలకు వెయ్యి అయినా సరే, తీర్చడం మొదలుపెట్టండి.

పాప ఇంటర్ రెండో సంవత్సరమంటున్నారు. పై చదువు ఫీజు మీ జీతంలోంచి ముందే పక్కన పెట్టండి, మందిరానికి మైకు సెట్ కొనేముందు. దీని మీద చర్చ అక్కర్లేదు. అంత వయసు పిల్లకు అమ్మ ఎవరికి ఫోన్ చేసి డబ్బు అడుగుతోందో తెలియదనుకుంటున్నారా?

ఇంకొక్క పని. మీ వదినకు మీరే ఫోన్ చేసి చెప్పండి. అన్నయ్యతో చెప్పించకండి. ఆమె నాలుగు మాటలు అంటే పడండి, అనే హక్కు ఆమెకుంది. అదీ ఈ వారంలోనే.