స్వర సందేహాలు: ఈలలో ఐరిష్ జిగ్

ప్రశ్న: ఈల వేయడం నాకు చిన్నప్పటి అలవాటు. ఈమధ్య టిన్ విజిల్ (రేకు గొట్టంతో చేసే చిన్న ఐరిష్ వేణువు) మీద వాయించిన ఐరిష్ జిగ్‌లు (నాట్యపు ట్యూన్లు) విని, ఈలలో పలికిస్తున్నాను. ట్యూన్ వస్తోంది గానీ వాళ్ళ వాయింపులో ఉండే ఆ చిటుకులు పడటం లేదు. గమకం వేస్తే సినిమా పాటలా అవుతోంది. మా తాతగారు ఈలపాట రఘురామయ్య గారి అభిమాని. ఆయనలా వేలు పెట్టి వేస్తే కుదురుతుందా?
— ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: వేలు వద్దండీ. రఘురామయ్య గారు వేలు నోట్లో పెట్టి ఏకంగా పద్యాలే ఈలలో పలికించారు. ఆ విద్య వేరు. మీకు పెదవులు గుండ్రంగా చుట్టి వేసే మామూలు ఈల చాలు. ఇక్కడ పనంతా నాలుకది, దానికి నోట్లో చోటు కావాలి.

ఇక గమకం సంగతి. గమకంలో స్వరం ఊగుతుంది, జారుతుంది, ఎక్కడిదాకా వెళ్ళి వచ్చిందో చెవికి అందాలి. ఐరిష్ వాళ్ళ 'కట్' లో అది అందకూడదు. టిన్ విజిల్ మీద ఒక వేలు రెప్పపాటు ఎత్తి దించేస్తారు. పై స్వరం పలుకుతుంది గానీ స్వరంలా వినపడదు, తలుపు మీద గోటితో తట్టినట్టు ఉంటుంది. 'ట్యాప్' అంటే కింది రంధ్రాన్ని వేలితో కొట్టి వదలడం. ఒకే స్వరం వెంటవెంటనే వస్తే విడగొట్టడానికి, లయకు పదును పెట్టడానికి ఇవి.

ఈలలో మనకు వేళ్ళు లేవు. నాలుక ముందుకు లేస్తే నోట్లో ఖాళీ తగ్గి శ్రుతి పెరుగుతుంది, వెనక్కి జారితే తగ్గుతుంది. కాబట్టి ఊపిరి ఆపకుండా నాలుక ముందు భాగాన్ని చటుక్కున లేపి వదిలితే కట్, వెనక్కి లాగి వదిలితే ట్యాప్. దవడ, పెదవులు కదలకూడదు. అద్దం ముందు సాధన చేయండి.

'ద కెష్ జిగ్' తో మొదలుపెట్టమంటాను. జిగ్ అంటే 6/8, మన లెక్కలో తకిట తకిట. పాశ్చాత్య స్వరం 'జి' (G) ని షడ్జమం అనుకుంటే ఎత్తుగడ ఇలా ఉంటుంది (నిలువు గీతల మధ్య ఉన్నది ఒక బార్, అంటే రెండు తకిటలు): స – – స రి గ | రి – – రి గ ప | ధ ప ప స ప ప | ధ ప గ ప గ రి. మూడో బార్‌లో స పై స్థాయిది. ఈ నాలుగు బార్లలో ఉన్నవి మోహన స్వరాలే, మన చెవికి కొత్త కాదు. ఆ మొదటి పొడుగు 'స' మీద 'రోల్' పడుతుంది: 'త' దగ్గర ఉత్త స, 'కి' దగ్గర కట్ తో స, 'ట' దగ్గర ట్యాప్ తో స. మూడూ సమంగా పడాలి. సెషన్లలో, అంటే అక్కడి వాళ్ళు కలిసి కూర్చుని వాయించే చోట, జిగ్ నిమిషానికి 110–120 తకిటల మీద నడుస్తుంది. మీరు 60 దగ్గర మొదలుపెట్టండి.

ఊపిరి కోసం స్వరాల మధ్య సందు వెతకొద్దు, ఒక స్వరాన్ని వదిలేయండి. రోల్ పడాల్సిన చోట రెండు మాత్రలు పలికి, మూడోది గాలికి ఇచ్చేయడం అక్కడి వాయిద్యకారులు ఎప్పుడూ చేసేదే. గాలి లోపలికి పీలుస్తూ ఈల వేసేవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ నాదం పలచగా ఉంటుంది, నచ్చదు.

దొరికిన ప్రతి స్వరానికీ కట్ తగిలించకండి, వినలేం. ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీ డూలిన్‌కు చెందిన మైకో రసెల్ (1915–1994) టిన్ విజిల్ రికార్డింగులు వినండి, ఎంత తక్కువతో సరిపెట్టాడో తెలుస్తుంది. 1979లో మొదటి ఆల్బమ్ తెచ్చిన మేరీ బెర్గిన్‌ది నగిషీలు దట్టంగా ఉండే వేగమైన వాయింపు. ఆవిడ దగ్గరికి తర్వాత వెళ్ళండి.

ప్రశ్న: పావుగంట ఈల వేసేసరికి నా పెదవులు ఎండిపోయి నాదం పోతోంది. ఏం రాసుకోవాలి?
— ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: ఏమీ రాయకండి, జారిపోతాయి. గుక్కెడు మామూలు నీళ్ళు తాగి, కాసేపు ఆగండి. మిరపకాయ బజ్జీలు మాత్రం సాధన అయ్యాకే.

ప్రశ్న: నోటి ఈలను ఐర్లండ్‌లో సంగీతంగా లెక్కపెడతారా, కాలక్షేపమేనా?
— ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లెక్కపెడతారు. ఐరిష్ సంప్రదాయ సంగీతం కోసం పనిచేసే కోల్టస్ సంస్థ 1951లో అక్కడి మల్లింగర్ పట్టణంలో మొదలుపెట్టిన 'ఫ్లా క్యోల్' ఉత్సవంలో టిన్ విజిల్ పోటీ వేరు, నోటి ఈల పోటీ వేరు. అర్థం లేని అక్షరాలతో నాట్యపు ట్యూన్లు పాడే 'లిల్టింగ్' కీ విడిగా పోటీ ఉంది. మన దగ్గర బాపట్ల కొమరవోలు శివప్రసాద్ గారు ఈలతో పూర్తి కర్ణాటక కచేరీలే చేశారు. ఈసారి ఎవరైనా కాలక్షేపం అంటే ఆయన పేరు చెప్పండి.