భుజాన రెండు నక్షత్రాలు పడ్డాక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం సైన్యం గురించే. డెహ్రాడూన్‌లో పాసింగ్ అవుట్ పరేడ్ అయిన ప్రతి జూన్‌లోనూ, డిసెంబరులోనూ ఇంతే. టీవీలో టోపీలు ఎగరేయడం చూసినవాళ్లకి మర్నాటి నుంచి అనుమానాలు మొదలవుతాయి. నేను ఇన్‌ఫాంట్రీలో లెఫ్టినెంట్ కల్నల్‌గా దిగిపోయినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన మేరకు చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ, ఐఎంఏ పూర్తిచేసి ఈమధ్యే లెఫ్టినెంట్ అయ్యాడు. టెక్నికల్ విభాగం వస్తుందనుకుంటే ఇన్‌ఫాంట్రీ ఇచ్చారు. పోనీ మనవాళ్లుండే మద్రాస్ రెజిమెంట్ కూడా కాదు, బిహార్ రెజిమెంట్. వాడికి అక్కడి భాష రాదు. వాళ్లమ్మ రోజూ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. సైన్యం వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగానికి, సికింద్రాబాద్‌కి మార్పించుకునే వీలుందా? ఎవరినైనా పట్టుకుంటే పనవుతుందా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ఎవరినీ పట్టుకోకండి సార్. పనవదు సరికదా, ఆ సంగతి పటాలానికి తెలిస్తే అబ్బాయి తల ఎత్తుకోలేడు. ఏ విభాగమన్నది కేడెట్ రాసిచ్చిన కోరికలు, మెరిట్, ఖాళీలు అన్నీ చూసి అకాడమీలో ఉండగానే తేల్చేస్తారు. తండ్రి పనిచేసిన పటాలాన్ని కొడుకు అడగొచ్చు, దాన్ని పేరెంటల్ క్లెయిమ్ అంటారు, మీకు అదీ లేదు. ఆరోగ్యం దెబ్బతిని మెడికల్ కేటగిరీ పడిపోయినవాళ్లని తర్వాత వేరే విభాగాలకు మార్చడం ఉంది గానీ అలాంటి మార్పు మనం కోరుకునేది కాదు కదా.

భాష మాటకొస్తే, సూర్యాపేట కుర్రాడు ఒకరు మీ అబ్బాయిలాగే కోరుకొండలో చదివి, ఎన్‌డీఏ, ఐఎంఏ మీదుగా 2004 డిసెంబరులో 16 బిహార్‌లో, అంటే బిహార్ రెజిమెంట్ 16వ పటాలంలో లెఫ్టినెంట్‌గా చేరారు. పదిహేనేళ్లకు అదే పటాలానికి కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన జవాన్లతో పాటు ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు సంగతే నేను చెబుతున్నది. ఆయన చావు గురించి అందరికీ తెలుసు. ఒక తెలుగువాడు బిహారీ జవాన్లకి, జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ జవాన్లకి ఇంటి పెద్ద అయిన ఆ పదిహేనేళ్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మీ అబ్బాయి ముందున్నవీ అలాంటి ఏళ్లే.

మొదట్లో ఏం జరుగుతుందో ఇంట్లో ఆవిడకి చెప్పండి, కొంత టెన్షన్ తగ్గుతుంది. చాలా పటాలాల్లో కొత్త ఆఫీసర్‌ని ముందు మెస్‌లోకి రానివ్వరు, జవాన్ల బ్యారక్‌లోనే మంచం వేస్తారు. వాళ్ల లంగర్‌లోనే (జవాన్ల వంటశాల) తిండి, తెల్లవారకముందే వాళ్లతోనే పీటీ, రాత్రి వాళ్లతోనే గార్డు డ్యూటీ. నేను చేరిందీ ఉత్తరాది జవాన్ల పటాలంలోనే, నా హిందీ విని వెనక నవ్వేవాళ్లు. మా సుబేదార్ సాబ్ మూడో రోజున నాకొక రూళ్ల నోట్‌బుక్ తెచ్చిచ్చారు. ప్లాటూన్‌లో ఉన్న ముప్పై చిల్లర మంది పేర్లూ, ఊళ్లూ, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి పొలం తగాదాలో ఉంది, ఎవరి పెళ్లాం నీళ్లోసుకుంది, అన్నీ అడిగి రాసుకోమన్నారు, హిందీలోనే. వారం తిరిగేసరికి ఆ పుస్తకం తీసేసుకుని ఒక్కొక్కరిని ముందు నిలబెట్టి నన్ను చెప్పమన్నారు. సగమే చెప్పగలిగాను. ఆయన ఏమీ అనలేదు, పుస్తకం మళ్లీ నా చేతిలో పెట్టారంతే. అంతకన్నా పెద్ద చివాట్లు నేను సర్వీసంతా తినలేదు. భాష అలా వస్తుంది.

తర్వాత యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి మావ్‌లోని ఇన్‌ఫాంట్రీ స్కూలు, కమాండో కోర్సుకి బెళగావి. వీటిలో వచ్చిన గ్రేడింగ్ సర్వీసంతా వెంట వస్తుంది కాబట్టి ఈ కోర్సులున్న నెలల్లో ఇంటి నుంచి సెలవు పెట్టి రమ్మని ఒత్తిడి చేయకండి, అక్క పెళ్లయినా సరే. ఇంకోమాట, ఈఎంఈ అంటే సికింద్రాబాద్‌లో ఇంటి భోజనం అనుకుంటున్నట్టున్నారు. కాలేజీ తిరుమలగిరిలో ఉంది నిజమే, ఆ కోర్సయ్యాక వాళ్లూ లడఖ్ చలిలో ట్యాంకుల కింద పడుకుని బోల్టులు బిగించేవాళ్లే.

ప్రశ్న: నేను ఆర్టిలరీలో లెఫ్టినెంట్‌ని. నా క్లాస్‌మేట్లు ఐటీలో రెండేళ్లకోసారి కంపెనీ మారి హోదా పెంచుకుంటున్నారు. ఇక్కడ ఏ ర్యాంకు ఎప్పుడొస్తుంది? చాలామంది లెఫ్టినెంట్ కల్నల్ దగ్గరే ఆగిపోతారంటారు, నిజమేనా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నిజమే. నేనూ ఆగిపోయినవాణ్నే. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. ఇవి సర్వీసును బట్టి వచ్చేస్తాయి, మధ్యలో పార్ట్ బి, పార్ట్ డి అనే ప్రమోషన్ పరీక్షలు పాసవ్వాలి, కేసులేవీ మెడకు చుట్టుకోకూడదు. 2004కు ముందు ఇంత త్వరగా వచ్చేవి కావు.

కల్నల్ దగ్గర దారి సన్నబడుతుంది. మీ బ్యాచ్ మొత్తాన్ని 3వ నంబర్ సెలక్షన్ బోర్డు ముందు పెడతారు. పేర్లు కనపడకుండా చేసిన రికార్డులే చూస్తారు. మొదటిసారి రాకపోతే ఇంకో రెండు అవకాశాలుంటాయి, అప్పుడూ రాకపోతే అంతే. ఇరవై ఆరేళ్లకు టైమ్ స్కేల్ కల్నల్ ఇస్తారు, భుజం మీద గుర్తులు అవే కానీ పటాలాన్ని నడిపే కమాండ్ రాదు. ఆ బాధ మీకు ఇప్పుడు చెప్పినా అర్థం కాదు, వదిలేయండి.

ఆ బోర్డు చూసేది మీ ఏసీఆర్‌లు (పై ఆఫీసర్లు ఏటా మీ పని మీద రాసే రహస్య నివేదికలు), కోర్సుల గ్రేడింగులు, ఎలాంటి చోట్ల ఎలాంటి పని చేశారన్నది. కోర్సుల్లో మీరు ఇప్పటి నుంచే కన్నేసి ఉంచాల్సింది వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ. పోటీ పరీక్ష రాసి వెళ్లాలి, మూడు దళాలవాళ్లూ, మిత్రదేశాల ఆఫీసర్లూ కలిసి చదువుతారు. ఆ పరీక్షకి కూర్చునే వయసుకు పెళ్లయి చంటిపిల్లలుంటారు, పోస్టింగ్ ఏ కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లోనో ఉంటుంది, పుస్తకం తెరిచే టైమ్ దొరకదు. నేను ‘వచ్చే ఏడు రాద్దాంలే’ అని రెండుసార్లు వాయిదా వేశాను. మీరు దేవ్‌లాలీ ఆర్టిలరీ స్కూల్లో యంగ్ ఆఫీసర్స్ కోర్సు చేసేటప్పుడే మిలిటరీ చరిత్ర, కరెంట్ అఫైర్స్ రోజుకు అరగంట చదివే అలవాటు పెట్టుకోండి. గన్నరీ (ఫిరంగుల విద్య) మీద నిజంగా ఇష్టముంటే లాంగ్ గన్నరీ కోర్సు చేసి ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్లండి, హెలికాప్టర్ల మీద మోజుంటే ఆర్మీ ఏవియేషన్‌కి ఇప్పుడే అప్లై చేయండి, వయసు మీరితే తీసుకోరు.

ఐటీ స్నేహితుల వాట్సాప్ గ్రూపును మాత్రం మ్యూట్‌లో పెట్టండి. వాళ్లకి మీ లెక్క తెలియదు, మీకు వాళ్ల లేఆఫ్‌ల సంగతి తెలియదు.

ప్రశ్న: చెన్నై ఓటీఏలో శిక్షణ పూర్తిచేసి షార్ట్ సర్వీస్ మీద సిగ్నల్స్‌లో చేరాను. పదేళ్ల తర్వాత నా పరిస్థితి ఏమిటి? ఆడపిల్లలకి పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యే దాకా సర్వీసు) ఇస్తారా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇస్తారమ్మా. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కమాండ్ పోస్టింగులకు కూడా దారి తెరుచుకుంది. మహిళలు కల్నల్ అయి యూనిట్లు నడుపుతున్నారు. మీరు చేరిన సిగ్నల్స్ అందుకు మంచి చోటు.

పదో ఏట మూడు దారులు. పర్మనెంట్ అడగటం, నాలుగేళ్లు పొడిగింపు తీసుకోవడం, బయటికి రావడం. పర్మనెంట్ అడిగిన వాళ్లందరికీ రాదు, అక్కడా రికార్డే మాట్లాడుతుంది. ‘పదేళ్లేగా, చూద్దాంలే’ అని మొదటి ఐదేళ్లు తేలిగ్గా గడిపేసి, ఎనిమిదో ఏట హఠాత్తుగా పర్మనెంట్ కావాలనిపించి, పాత ఏసీఆర్‌లు చూసుకుని తల పట్టుకున్నవాళ్లని నేను చాలామందిని చూశాను. ఉండాలనుకున్నా పోవాలనుకున్నా మొదటి రోజు నుంచీ ఉండిపోయేదాన్నే అన్నట్టు పనిచేయండి.

బయటికొస్తే షార్ట్ సర్వీస్‌కి గ్రాట్యుటీ ఉంటుంది, నెలనెలా వచ్చే పెన్షన్ ఉండదు. ఇది ఇంట్లోవాళ్లకి ఇప్పుడే స్పష్టంగా చెప్పి ఉంచండి. ఐదేళ్లు సర్వీసు చేసి గడువు పూర్తయి వచ్చినవాళ్లకి సివిల్స్‌లో ఐదేళ్ల వయసు సడలింపు ఉంది కాబట్టి ముప్పై మూడులో బయటపడ్డా ఆ తలుపు మూసుకుపోదు. బ్యాంకుల్లో సెక్యూరిటీ ఆఫీసర్ ఉద్యోగాలకి మనవాళ్లనే వెతుకుతారు. దిగిపోయే ముందు డీజీఆర్ (సైన్యం నుంచి బయటికొచ్చేవాళ్ల పునరావాసం చూసే విభాగం) ద్వారా ఐఐఎంలలో ఆరు నెలల కోర్సు చేసే వీలుంది. మీకైతే నెట్‌వర్క్‌లు, సైబర్ పని చేతికి అలవాటై ఉంటుంది, మావ్‌లోని సిగ్నల్స్ కాలేజీలో నేర్పింది నోట్సుతో సహా దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఆర్మీ కెప్టెన్ సంబంధం వచ్చింది. జీతం ఎంత ఉంటుంది? అమ్మాయి బ్యాంకు ఉద్యోగి. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఏడో వేతన సంఘం లెక్కన కెప్టెన్ బేసిక్ 61,300తో మొదలు, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, రెండింటి మీదా డీఏ, ఉన్న చోటుని బట్టి అలవెన్సులు. సియాచిన్‌లో ఉంటే దానికే విడిగా పెద్ద అలవెన్సు ఇస్తారు, 2017లో అది నెలకు 42,500 అయింది, అక్కడి గాలిలో సగం ఆక్సిజన్ ఉండదు కాబట్టి ఎక్కువ అనుకోకండి. పర్మనెంట్ కమిషన్ అయితే ఇరవై ఏళ్ల సర్వీసుకి పాత పద్ధతి పెన్షన్. ఎన్‌పీఎస్ (జీతంలోంచి కోసి మదుపు చేసే కొత్త పెన్షన్ పద్ధతి) సైన్యానికి లేదు.

జీతం కన్నా అడగాల్సింది ఇంకొకటుంది. రెండు మూడేళ్లకోసారి బదిలీ. ఒక పోస్టింగ్ పీస్‌లో (ప్రశాంతంగా ఉండే కంటోన్మెంట్) అయితే కుటుంబం వెంట ఉండొచ్చు, తర్వాతది ఫీల్డ్ (సరిహద్దు లాంటి చోటు) అయితే ఉండటానికి లేదు. అమ్మాయి బ్యాంకు ఉద్యోగం వదులుతుందా, బదిలీ అడుగుతుందా, తెనాలిలోనే ఉండి సెలవులకు వెళ్లి వస్తుందా అన్నది పెద్దవాళ్లం తేల్చేది కాదు. అబ్బాయి షార్ట్ సర్వీసో పర్మనెంటో కనుక్కుని, వాళ్లిద్దరినీ ఒక గంట ఫోన్లో మాట్లాడుకోనివ్వండి. అబ్బాయి ఫీల్డ్‌లో ఉంటే సిగ్నల్ దొరికే దాకా ఆగాలి, ఫోన్ ఎత్తలేదని అలగకండి.